మా కెజియా గిటారుకు గొంతు వెతికిన సంగతి

సోమవారం, కోత పండుగ మరునాడు

ప్రియమైన చెల్లె సారమ్మకు,

నీ అక్క ఎస్తేరు దీవించి రాసేది. దేవుని దయ వల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. అదీ ఈ చలి మొదలైనప్పటి నుంచే, కంగారు పడకు. నువ్వు, మరిది, పిల్లలు బాగున్నారా? చెవిలో మందు వేసుకుంటున్నావా? రోజుకు రెండుసార్లు వెయ్యమని డాక్టరు చెప్పాడు. నువ్వు గుర్తొచ్చినప్పుడు వేసుకుని, గుర్తు రానప్పుడు డాక్టరును తిడతావని నాకు తెలుసు. నీకు ఫోన్‌లో సగమే వినపడుతుంది కనుక మళ్ళీ ఉత్తరమే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురులో కూర్చుని చదువు.

పట్నంలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నావు కదా అక్కా అని పోయిన ఉత్తరంలో రాశావు. మోకాలు ఆపరేషన్ అయిన కాలు ఇంకో కాలు మీదికి రాదు, అది మొదటి మాట. రెండోది, కూర్చోవడానికి జాగ ఏది? కొడుకు ప్రభాకర్ తెల్లారకముందే బస్సు డిపోకు పోతాడు. కోడలు సునీతకు దవాఖానలో ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, కానీ తలుపులు మూసుకుని మంచిగా ఉంటారు. సాయంత్రం చాయ్ పెట్టుకుంటే రెండో గ్లాసు ఎవరికి పొయ్యాలో తెలియదు. రాయపోల్‌లో నువ్వు గోడ మీది నుంచి చెయ్యి చాపేదానివి. ఇక్కడ గోడకు అవతల ఎవరిదో స్కూటరు ఉంటుంది. జొన్నరొట్టె అడిగితే సునీత పాపం చేసి పెడుతుంది, కానీ దుకాణం పిండిలో రుచి లేదు. నేనేమీ బాధపడడం లేదు, బాగానే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, అంతే.

నాకున్న గదిలో సగం మనవరాలు కెజియాది. ఆ సగంలో ఉన్నది కరెంటు గిటారు. ఈ ఏడాది నా నెత్తి మీద కూర్చున్నది అదే.

ఈస్టర్ నాటి సంగతి నీకు కొంచెం తెలుసు. చర్చిలో రెండో పాట సగంలో కెజియా గిటారు కీచుమని అరిచింది. ఆ అరుపుకు ముందు వరుసలో చంటిపిల్లలు లేచి ఏడ్చారు, పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. పాస్టరు అయ్యగారు ఏమీ అనలేదు. సంఘపెద్ద యాకోబు మాత్రం ఆరాధన అయిపోయాక అందరి ముందరా అన్నాడు, "బిడ్డా, ఆ పెట్టెను కొన్నాళ్ళు ఇంట్లనే ఉంచు. పాట వినొస్తే చాలు మాకు." కెజియా ఇంటికి వచ్చేదాకా తల ఎత్తలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర ప్రభాకర్ కూడా తేల్చి చెప్పాడు, "కోత పండుగ దాక చూస్త. అప్పటికి దాని గొంతు సర్దుకోకపోతే ఫోటో తీసి ఫోన్ల అమ్మకానికి పెడ్త. నలుగుట్ల తల దించుకునుడు నాతోని కాదు."

వాడు అన్నాడంటే చేస్తాడు, వాడిది మీ బావ పోలిక కాదు, నా పోలిక.

గిటారు ఉంటే నాకేం, పోతే నాకేం అని మొదట అనుకున్నాను. కానీ ఆ మరుసటి ఆదివారం నుంచి పిల్ల చర్చిలో చివరి వరుసలో, చెప్పులు విడిచే దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. పాడే పిల్ల పాడడం మానేసింది. అడిగితే గొంతు నొప్పి అంటుంది. నెలల తరబడి ఉండే గొంతు నొప్పి నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినా ఎక్కడా చూడలేదు.

గిటారు సంగతి కూడా నీకు చెప్పాలి, లేకపోతే నీకు నా విసుగు అర్థం కాదు. తీగల కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక అంత సన్నని రాగి తీగ. దాన్ని పికప్ అంటారు. పైన తీగ కదిలితే ఇది పట్టుకుని స్పీకరు డబ్బాకు పంపుతుంది. కీచుమనడానికి కారణం ఈ పెట్టె అని కెజియా తీర్మానించుకుంది. మంచి పెట్టె వేస్తే మంచి టోన్ వస్తుందట.

"టోన్ అంటే ఏందే?" అని అడిగాను.

"గొంతు లెక్క నానమ్మా. ఇద్దరు ఒక్కటే పాట పాడినా ఒకరిది వినబుద్ధయితది, ఇంకొకరిది కాదు."

"పాట మంచిగ రాకుంటే సాధన చేస్తరు గని, గొంతు కోసి కొత్తది పెట్టుకుంటరా?"

"నీకు చెప్పినా తెల్వది నానమ్మా."

"తెల్వకనే అడుగుతున్న. తెలిస్తే నీకే చెప్తుంటి."

ఆ రోజు నుంచి మా గది గది కాదు, రేడియో మరమ్మతు దుకాణం. నేను వేదగ్రంథం చదువుకునే బల్ల మీద తీగలు అతికించే సోల్డరింగ్ కడ్డీ, సీసం చుట్ట, ఎర్ర తీగలు, నల్ల తీగలు. నా సబ్బు పెట్టెలో మరలు. నేను అన్నం తినే పళ్ళెంలో గిటారు మూత. సీసం కరిగే వాసన నా దుప్పటికి పట్టింది. ఇక్కడ చెత్త తీసుకుపోయే అమ్మకు తడిది వేరే, పొడిది వేరే, ప్రమాదకరమైనది వేరే ఇవ్వాలి. ఆమె ఒకరోజు మా డబ్బాలో సీసం ముక్కలు చూసి, "ఏందమ్మా, మీ ఇంట్ల ఏం పని చేస్తరు?" అని నన్ను నిలదీసింది. రిటైరైన టీచర్ని, వీధిలో నిలబడి గిటారు సంగతంతా చెప్పుకోవాల్సి వచ్చింది.

మొదటి పికప్ ఊడదీసిన రోజు, అది ఎక్కడైనా పోతుందని నేనే తీసి, జామెట్రీ డబ్బాలోని కంపాస్ ముల్లుతో దాని అడుగున "ఎ.రా." అని గీశాను. ఎస్తేరు, రాయపోల్. నా గిన్నెలన్నిటి మీదా ఉన్న గుర్తే. చర్చి విందులకు, పెళ్ళిళ్ళకు పాత్రలు ఊరంతా తిరిగేవి కనుక పేరు లేనిదేదీ ఇల్లు దాటకూడదని అమ్మ నేర్పిందే కదా. నీ పెళ్ళి గంగాళం ఎన్ని ఇళ్ళు తిరిగి, దాని మీది నీ అక్షరాలు చూసి మన గుమ్మం ముందుకు వచ్చిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడికి వచ్చాక సునీత కొత్త గిన్నెలు కొన్నది. వాటి మీద మాత్రం ఇప్పటిదాకా ఏమీ గియ్యలేదు. ముల్లు పట్టుకుని కూర్చుంటాను, ఏ ఊరు గియ్యాలో చెయ్యి ఆడదు. పెట్టేస్తాను.

ఆ వారమే కెజియా ఆ పికప్‌ను నారాయణరావుపేట చర్చిలో గిటారు వాయించే అబ్బాయికి ఇచ్చి, వాడి పికప్ తెచ్చుకుంది. ఈ చుట్టుపక్కల చర్చిల్లో గిటారు వాయించేవాళ్ళంతా ఇట్లాగే తమలో తాము మార్చుకుంటారట.

"పేరున్న వస్తువు ఎట్ల ఇచ్చినవే?" అని గట్టిగానే అడిగాను.

"పేరుంది గదా అనే ఇచ్చిన నానమ్మా. పోయినా తిరిగొస్తది."

ఎదురు మాట్లాడడంలో ఎవరి పోలికో నేను రాయను.

నారాయణరావుపేట పికప్ వేస్తే గిటారు తేనెతుట్టెను కదిపినట్టు జుమ్మని మోగుతూనే ఉంది, వాయించినా, వాయించకున్నా. దాన్ని తీసి ఇంకొకటి ఫోన్‌లో తెప్పించింది. అది రేకు మీద గులకరాళ్ళు రాల్చినట్టు మోగింది. దాన్నీ ఇంకొకరికి ఇచ్చి మరొకటి. దాని గొంతుకు జలుబు చేసింది. ప్రతిసారీ అదే వరుస: మొదటి రోజు "గిదే నానమ్మా, గిదే కావాల్సింది", రెండో రోజు పెదవి విరుపు, మూడో రోజు సోల్డరింగ్ కడ్డీ. ఇంటి ఖర్చుల పుస్తకం నేనే రాస్తాను కదా, దీన్ని చదువు పద్దులో రాయాలా, వైద్యం పద్దులో రాయాలా తెలియక చివరికి "గాలి" అని కొత్త పద్దు పెట్టాను. ప్రభాకర్ చూసి నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు.

కోత పండుగకు ఇంకా వారం కూడా లేదు. అప్పుడు చిన్నకోడూరు నుంచి కబురు వచ్చింది. అక్కడ డేవిడ్ అనే అబ్బాయి దగ్గర అపురూపమైన పికప్ ఉందట. హైదరాబాదులో ఎవరో పనివాడు మిషను లేకుండా చేతితో చుట్టి, కింద తన సంతకం గీశాడట. అట్లా చేతితో చుట్టేవాళ్ళు సంతకం పెట్టడం ఆనవాయితీయేనట, అట్లాంటివాటికి విలువ ఎక్కువట. కెజియా పోయి విన్నది. డేవిడ్ గిటారులో అది తేనెలాగా పలికిందట. కాలితో తొక్కితే గిటారు శబ్దం మారే పెట్టె ఒకటి పిల్లకు వాళ్ళ మేనమామ కొనిపెట్టాడు. దాన్ని డేవిడ్‌కు ఇచ్చేసి పికప్ గుడ్డలో చుట్టించుకుని బస్సెక్కింది.

ఇంట్లోకి వస్తూ పాట కూనిరాగం తీస్తూ వచ్చింది. కోత పండుగ పాట. ఈస్టర్ తర్వాత ఆ పిల్ల నోట పాట వినడం అదే మొదలు. పొట్లం నా మంచం మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయింది. ఇంట్లోకి వచ్చే ప్రతి పొట్లం నేను విప్పి చూస్తాను, కూరగాయలైనా సరే. విప్పాను. వెనక్కి తిప్పాను.

"ఎ.రా." అని ఉంది సారమ్మా. నా చేతి రాతే. 'రా' దగ్గర ముల్లు జారి గీత కొంచెం కిందికి దిగింది, అది కూడా అట్లాగే ఉంది.

నా గిన్నె గుర్తును ఎవరో పనివాడి సంతకం అనుకుని ఇంతమంది చేతులు మార్చుకున్నారు. మా వస్తువు కోసం మా పిల్ల తన వస్తువు ఇచ్చి వచ్చింది. నా కోపం నీకు తెలుసు. పిలిచి నిలబెట్టి కడిగెయ్యాలని నోటి దాకా వచ్చింది. కానీ బాత్‌రూంలో నీళ్ళ చప్పుడులో ఆ కూనిరాగం ఇంకా వినపడుతూనే ఉంది. గుడ్డ ఎట్లా ఉందో అట్లాగే చుట్టి పెట్టాను. తనే చూస్తుంది, తనే చెప్తుంది అనుకున్నాను.

తను చూసింది. కిటికీ వైపు తిరిగి గుడ్డ విప్పి, పికప్‌ను వెనక్కి తిప్పింది. పాట ఆగిపోయింది. తర్వాత సొరుగులోంచి నల్ల టేపు తీసి, అడుగున అతికించి, ఏమీ ఎరగనట్టు గిటారులో బిగించడం మొదలుపెట్టింది. రాయపోల్‌లో మా ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా ఆ అక్షరాలు చూస్తూ పెరిగిన పిల్లకు అవి ఎవరివో ఒకరు చెప్పాలా?

బిగించి వాయించింది. ఈస్టర్ నాటి కీచే. కొంచెం కూడా మారలేదు.

"ఎట్లుందే?" అన్నాను.

"మంచిగనే ఉంది నానమ్మా."

పండుగకు ఇక రెండు రోజులు. గిటారు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నాకు కోపం వచ్చింది. పిల్ల మీదనా, పెట్టె మీదనా, యాకోబు మీదనా తెలియదు. లేచి పోయి దగ్గర నిలబడి చూశాను. ఇన్ని నెలలు ఆ గిటారును తిట్టానే కానీ దగ్గరగా చూడలేదు. ఆ పెట్టె తీగలకు ఆనుకున్నంత దగ్గరగా ఉంది.

"డేవిడ్ గిటార్ల కూడా గిట్లనే కీచుమనెనా?"

"లేదు. గాడ తేనె లెక్క ఉండె." అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"గాడ కూడా తీగలకు గింత దగ్గరుండెనా?"

"ఏంది?"

"ఈ పెట్టె. తీగల నోట్లకు దూరినట్టు ఉన్నది. బడిల ప్రార్థన చదివే పిల్లలు మైకును మింగేటట్టు పట్టుకుంటుండ్రి. కీచుమని బడంతా అరుస్తుండె. చెవి పట్టి జెర వెనకకు నిలబెడితే మాట మంచిగ వినొస్తుండె. దీన్ని వెనకకు నిలబెట్టే ఉపాయం లేదా, లేక దీనికి చెవి లేదా?"

కెజియా నా ముఖం చూసింది, గిటారు చూసింది. పికప్‌కు అటూ ఇటూ రెండు చిన్న మరలు ఉన్నాయి. నా సబ్బు పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి, ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం తిప్పింది. పెట్టె కిందికి దిగింది. వాయించింది. మళ్ళీ తిప్పింది. మరీ దిగితే గొంతు నూతిలోంచి వచ్చినట్టు అయింది, అప్పుడు కొంచెం పైకి లేపింది. ఆ మధ్యాహ్నమంతా ఇదే పని. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఊహు", "జెర", "ఆఁ" అంటూ కూర్చున్నాను. చిక్కుడుకాయలు అయిపోయేసరికి ఒక తీగ మీటింది. గొంతు సవరించుకుని నిదానంగా మాట్లాడే మనిషి లాగా పలికింది. నాకు సంగీతం రాదు, కానీ నా చెయ్యి ఆగింది.

"ఈ మరలు మొదటి నుంచి గిక్కడ్నే ఉన్నయి నానమ్మా," అన్నది పిల్ల.

"అన్నీ మార్చినవు. అవొక్కటే తిప్పలే."

అంతకంటే ఏమన్నా నా కోపం బయటపడుతుందని వంటింట్లోకి పోయాను.

నిన్న కోత పండుగ. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, కట్టలు కట్టిన చెరుకులు, చర్చి ముందరంతా నిండిపోయింది. నీ పేరు మీద రెండు కొబ్బరికాయలు పెట్టాను. యాకోబు కెజియాను ఒక మూలకు నిలబెట్టి, "ఒక్క పాట చూద్దాం," అన్నాడు. పిల్ల వంగి ఆ రెండు మరలు మళ్ళీ చూసుకోవడం నాకు నాలుగో వరుసలోంచి కనపడింది. ప్రభాకర్ నా పక్కన కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. పాట మొదలైంది. పిల్లలెవరూ ఏడవలేదు. ఎవరూ చెవులు మూసుకోలేదు. ఎవరూ గిటారు వైపు తిరిగి చూడలేదు కూడా, అందరూ పాడుతున్నారు. రెండో పాటకు వాయించడం ఆపబోతే యాకోబు వాయించమని చేత్తో సైగ చేశాడు. రెండో చరణం దగ్గర పిల్ల తల ఎత్తి, వాయిస్తూ పాడింది. ఆ గొంతు నొప్పి ఎక్కడికి పోయిందో నేను అడగలేదు.

ఆరాధన తర్వాత కానుకల వేలంపాటలో ప్రభాకర్ అవసరం లేకున్నా పెద్ద గుమ్మడికాయ పాడాడు. దాన్ని భుజాన పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "గిటారు ఫోటో అమ్మకానికి పెట్టిన అమ్మా. ఇప్పుడే తీసేసిన," అన్నాడు. అంతే అన్నాడు. ఈ గుమ్మడికాయ ఎవరు తింటారో నాకు తెలియదు.

విందు దగ్గర కెజియా విస్తరాకు పట్టుకుని నా పక్కన మెట్ల మీద కూర్చుంది.

"నానమ్మా, దాని కింద అక్షరాలు చూసినవా?"

"చూసిన."

"ఎప్పుడు?"

"నువ్వు కాళ్ళు కడుగుతున్నప్పుడు."

కాసేపు పప్పు కలిపింది. "మరి అనలేదేంది?"

"నువ్వు అంటవేమోనని చూసిన. నువ్వు టేపు అంటించినవు."

పిల్ల తల దించుకుని నవ్వింది, తర్వాత కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది, తర్వాత మళ్ళీ నవ్వింది. "డేవిడ్ అన్నకు చెప్పాల్నా?"

"చెప్పాలె. ఆ పిల్లగాడు మోసం చెయ్యలే. గని అది సంతకం అనుకొని ఇంకెవలకు చెప్తడో ఏమో."

అక్కడే ఫోన్ చేసింది. డేవిడ్ నవ్వు నాకు కూడా వినపడింది. తొక్కే పెట్టె తిరిగి ఇచ్చేస్తానన్నాడట, పిల్ల తన పాత పికప్‌లలో ఒకటి ఇస్తే చాలునట. కానీ ఇచ్చే ముందు దాని కింద కూడా మీ నానమ్మతో సంతకం గీయించమన్నాడట. వీళ్ళ తరంతో నేను ఏం మాట్లాడను?

ఇంటికి వచ్చాక కెజియా గిటారులోంచి పికప్ తీసి, టేపు పీకి, నా ముందర పెట్టింది. "ఇంకొకటి గియ్యి నానమ్మా. ఇగ ఇది ఎటూ పోదు." నా అక్షరాల కింద జాగ చూపించింది. "కె.సి. అని. కెజియా, సిద్దిపేట."

గీశాను. ఈసారి ముల్లు జారలేదు. పిల్ల మళ్ళీ బిగించుకుంటుంటే నేను వంటింట్లోకి పోయి సునీత కొన్న గిన్నెలు దించాను. నాలుగు గిన్నెల మీద "ఎ.సి." అని గీసి, రెండు గ్లాసులు కూడా అయ్యేసరికి ముల్లు అరిగిపోయింది. రాయపోల్ ఇంట్లో ఆకుపచ్చ పెట్టెలో, నా పాత చీరల కింద ఇంకొక కంపాస్ ఉంటుంది. అది ఈసారి వచ్చేవాళ్ళతో తప్పకుండా పంపు. ఇంకా పెద్ద గంజు, చాయ్ గిన్నె, టిఫిన్ డబ్బాలు మిగిలి ఉన్నాయి. రెండు కిలోల పచ్చజొన్నలు, కొంచెం పాత చింతపండు కూడా పంపు. డబ్బులు పంపుతాను, వద్దనకు.

మన పెద్ద చిన్నమ్మకు నా వందనాలు చెప్పు, దగ్గర కూర్చుని గట్టిగా చెప్పు, ఆమె చెవి నీకంటే అధ్వాన్నం. అక్కడి అయ్యగారిని మా ఇంటి కోసం ప్రార్థన చెయ్యమను. మరిదికి నమస్కారం, పిల్లలకు ముద్దులు. కెజియా నీ దీవెనలు అడుగుతున్నది. క్రిస్మస్‌కు నువ్వే ఇక్కడికి రా. ఆ పిల్ల వాయిస్తుంది, స్పీకరు పక్కనే కూర్చుంటే నీకు కూడా వినపడుతుంది. చాయ్ రెండో గ్లాసు మీద నీ పేరు గీసి పెట్టాను.

ఎల్లప్పుడూ నీ మేలు కోరే అక్క,
ఎస్తేరు,
సిద్దిపేట